మాత్రల లెక్క

నలభయ్యో పేజీలో మాలకీ జేబులో ఏడు మాత్రలు.
అరవై రెండో పేజీకి తొమ్మిది మింగేశాడు.
మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
"పై రెండు ఎక్కణ్ణించి వచ్చాయి?"

కార్క్ ఊళ్ళో వాన. రేడియేటర్ మీద తడి సాక్సులు.
నా పని తప్పులు పట్టడం, నవ్వడం కాదు.
అయినా నవ్వాను,
శవాల బండి తోలే మాలకీ
ఆ బండి ముందే మోకరిల్లి పెళ్ళికి ఒప్పించే చోట;
గాడిదను బిషప్ అనుకుని
పాపాలన్నీ వరసగా ఒప్పుకునే చోట,
గాడిద, పాపం, చివరిదాకా విని తలూపే చోట.
టీ ముక్కులోకి పోయింది.

ఫిడెల్మా ఫోన్ చేసింది:
"నేలమీద రెండు దొరికాయని రాసెయ్.
హాస్యంలో లెక్కలు ఎవరు చూస్తారు?"

నేను చూస్తాను.

మా ఫింటన్ కూడా సరదా మనిషే.
ఒకసారి ఫ్రిజ్‌కి చలేస్తోందని
దానికి అమ్మ కోటు తొడిగాడు,
గుండీలన్నీ పెట్టాడు, ఒక్కటీ తప్పకుండా.
వారం రోజులు చెప్పుకుని నవ్వాం.
తర్వాతి చలికాలం పోలీసులిచ్చిన కవర్లో
సీసా మీద ముప్పై అని ఉంది,
లోపల పదకొండు.
తీసివేతలు నాకు వచ్చు.

నవల చివర మాలకీ లేస్తాడు,
తలనొప్పితో, ఒక కాలికే బూటుతో.
ఊరంతా క్షమించేస్తుంది.
అక్కడ తప్పులేం లేవు. ఒక కామా తీసేశాను.

మళ్ళీ వెనక్కి వెళ్ళి
తొమ్మిదిని ఏడు చేశాను.
కాసేపాగి
ఏడుని రెండు చేశాను.

గాడిద ఇంకా తలూపుతూనే ఉంది.