వాసన బట్ట

ముందు బేరం నేనే మొదలుపెట్టిన.
మోటరు వైండింగుకు వచ్చే రైతుల్తోని
రోజూ బేరమాడే నోరు కదా,
ఊకుంటదా?
పన్నెండు వేలన్నడు మొయిజ్ భాయ్.
తొమ్మిది అన్న.
ఆయన నవ్వి, ఒక పిల్లను ఎత్తి
నా చేతుల పెట్టిండు.
ఇగ బేరం అక్కడ్నే సచ్చింది.

జడ్చర్ల దాటినంక మూతపడ్డ కోళ్ల ఫారం అది.
కోళ్లు పోయినయి, జాలీలు మిగిలినయి,
జాలీల ఎనుక కుక్కలు.
మూలకు దాని తల్లి పండుకొని ఉండె,
పొదుగు నేలకు ఆనుకొని.
నన్ను చూసి లేవలే, అరవలే.
ఎన్ని చేతులను చూసిందో,
నావి ఎన్నో జతనో.

కార్డు మీద తండ్రి పేరు ఉన్నది, ఇంగ్లీషుల, శానా పొడుగు.
తల్లి పేరు కాడ ఒక గీత.
నలభై ఐదు రోజులైనయి, పురుగుల మందు తాపిన,
బర్రెపాలు పొయ్యకు, పారుకుంటది,
రెండో సూది పదమూడో తారీఖు, మర్సిపోకు,
అని అన్నీ చెప్పి
ఆఖరుకు జాలీల చెయ్యి పెట్టి
తల్లి కింద పరిచిన పాత తువ్వాల
జానెడు చింపి ఇచ్చిండు.
'ఇగ దీనికి ఇదే తల్లి. ఉతకకు.'

టేబుల్ ఫ్యాన్ డబ్బకు బొక్కలు పొడిసి
కల్వకుర్తి బస్సెక్కిన.
మిడ్జిల్ దాక ఫ్యాను సప్పుడు చెయ్యలే.
మిడ్జిల్ల ఫ్యాను ఏడ్సింది.
కండక్టరమ్మ డబ్బ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
'రిపేరుదా?' అన్నది.
టికెట్టు మాత్రం ఒక్కటే కొట్టింది.

పల్లికాయ రంగు.
రెండు గింజల కాయ ఒలిచి
ఒక్క గింజనే తెచ్చుకున్నట్టు అనిపించి
పల్లి అని పిలిచిన.
బాలమణి మాత్రం పన్నెండువేలు అని పిలిచింది.
'పన్నెండువేలు చాప మీద పోసింది, సూడు'
'పన్నెండువేలు నీ చెప్పు కొరికింది.'
ఎనిమిదో నాడు అది రాగిజావ ముట్టనప్పుడు
'పల్లీ, పల్లీ' అన్నది.

తప్పు ఎవ్వలిదీ కాదు.
ఆదివారం బట్టలు నానబెడితే
ఆ జానెడు ముక్క కూడ బకీట్ల పడ్డది.
మూడు రాత్రులు ఏడ్సింది పల్లి.
పశువుల దవాఖానల జ్వరం లేదన్నరు,
కడుపు మెత్తగనే ఉన్నదన్నరు.
మరి దేనికి అని అడిగితే
డాక్టరు చేతులు కడుక్కున్నడు.

ఉతికిన తువ్వాల జేబుల పెట్టుకొని
మళ్ల జడ్చర్ల పోయిన,
ఒక్కసారి తల్లికి రుద్దుకొని తెస్తామని.
మూల జాలీల ఏం లేదు.
నేల తడిగున్నది, ఫినాయిల్ ఘాటు.
'ఇగ ఈనదని తేలింది,
కర్నూలు దిక్కు తోటకాడ కావలికిచ్చిన' అన్నడు మొయిజ్ భాయ్.
చాయ్ తాపిండు. తాగిన.
ఆయన మొకం చూడలే నేను,
ఆయన కూడ నాది చూడలే.

ఆ రాత్రి మూడు మోటర్లు అర్జెంటు.
యాసంగి పొలాలు ఎండుతున్నయి.
అంగి ఇడిసి కుర్చీ మీదేసి
ఇంటి ముందటి దుకాణంల కాయిళ్లు సుట్టుకుంట కూసున్న.
ఎప్పుడొచ్చిందో పల్లి,
అంగిని కిందికి గుంజింది.
రాగితీగె, వార్నిషు, బీడీ, చెమట,
పదేండ్ల సంది బాలమణి ముక్కు మూసుకునే వాసన.
దాంట్ల తలకాయ దూర్చి
పండుకున్నది.
ఏడ్వలే.

పొద్దుగాల జావ గిన్నె నాకి నాకి బోర్లేసింది.
బాలమణి బకీటు తెచ్చి, అంగి దిక్కు చెయ్యి చాపి,
ఆగింది.
'ఇది ఉతకాల్నా, వద్దా?'

తువ్వాల ముక్క
ఇంక దండెం మీదనే ఉన్నది.
ఎవ్వలం తీస్తలేం.