మూడో మూపురం మీద

మిల్లు మూతపడిన ఏడాది
నాన్న దీపాల పనిలో చేరాడు.
ఆగస్టు ఎండలో మొదలు.
చెమటలు కారుతుంటే
మంచు బొమ్మలకు వైర్లు చుట్టడం.
గంటకి నాలుగు డాలర్లు. నిచ్చెన వాళ్ళది,
చేతి తొడుగులు మావి.

డిసెంబరు రెండో శనివారం
పనివాళ్ళ కుటుంబాలకి టికెట్టు లేదు.
అమ్మ ఫ్లాస్కులో కోకో పోసింది,
లోపల కప్పు డాలరున్నర అని ఎవరో చెప్పారట.
తమ్ముడు మార్టిన్‌కి నా పాత బూట్లు,
నాకు హెలెన్ అత్త కోటు.
నాన్న మాత్రం మిల్లు జాకెట్టే తొడుక్కున్నాడు.
జేబు మీద దారంతో కుట్టిన పేరు, ఓండ్రే.
గుండ్రటి మొదటి అక్షరం సగం ఊడి
నెలవంకలా వేలాడుతోంది.

గేటు దాటాక తెలిసింది
మా ఊళ్ళో ఇన్ని రంగులున్నాయని.
గుర్రాల గుడారం తేనెరంగు.
జెయింట్ వీల్ తిరగడం లేదు గానీ
వెలుగు దాని చుట్టూ పరిగెడుతోంది,
తన తోకని తానే తరిమే కుక్కపిల్లలా.
పెన్సిల్వేనియా చలికి సవారీలన్నీ బంద్.
చూడ్డమే. నడవడమే.

"ఎంత బాగుందో" అంది అమ్మ.
"అది రెండో సర్క్యూట్" అన్నాడు నాన్న.
"ఆ దుప్పి తలాడిస్తోంది!" అన్నాడు మార్టిన్.
"రిలే" అన్నాడు నాన్న.
"ఇటు వెలిగితే అటు ఆరుతుంది.
తల ఎక్కడికీ పోదు."

మిల్లు వాళ్ళందరూ అక్కడే ఉన్నారు.
మూడో షిఫ్టు హుడాక్ గారు,
క్రేన్ నడిపిన బెర్నీస్.
ఏం చేస్తున్నావిప్పుడని ఎవరూ ఎవర్నీ అడగరు.
"చలి" అంటారు.
"చలే" అంటారు.
ఏటి అవతల కొలిమి ఉన్నప్పుడు
మా రాత్రులకు నలుపన్నదే లేదు;
పడకగది గోడ మీద ఎరుపు
పాలు పొంగినట్టు పొంగేది,
దాన్ని చూస్తూ నిద్రపోయేవాళ్ళం.
ఇప్పుడా వైపు ఎవరూ తల తిప్పరు.

రోలర్ కోస్టర్ పేరు ఉడుత.
చెక్క వెన్నెముక నిండా తెల్ల బల్బులు
ఎక్కి, దిగి, ఎక్కి...
అందరి తలలూ పైకి లేచాయి.
నాన్న ముఖం మాత్రం
పంటికింద రాయి పడ్డట్టయింది.
"మూడో మూపురం" అన్నాడు.
"కుడి నుంచి పదకొండోది."

ఒక్కటి. మాడిపోయింది.
వేలల్లో ఒక్కటి.
అంతే, ఇక మా నలుగురికీ
మరేదీ కనపడలేదు.
మార్టిన్ వేలు పెట్టి చూపించబోతే
ఆ వేలు పట్టుకుని కిందికి లాగాను,
చిరిగిన చొక్కా ఎవరో చూస్తారన్నట్టు.
"ఎవరికి తెలుస్తుందిలే" అంది అమ్మ.
నాన్న పలకలేదు.
ఇరవై రెండేళ్ళు
ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పిన మనిషి.

కోకో అయిపోయింది.
పోదామంటే మార్టిన్ ఏడుపు.
వాడి ముక్కు తుడిచి చూస్తే నాన్న లేడు.

కాపలావాడు అరుస్తున్నాడు.
మంచు కట్టిన చెక్కమెట్ల మీద
మిల్లు జాకెట్టు ఎక్కిపోతోంది.
జనం ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు,
ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.
హుడాక్ గారు టోపీ తీశాడు, ఎందుకో నాకు తెలీదు.
అమ్మ తన తల్లి భాషలో
నేను రాయలేని మాట ఒకటి అంది.

పైన కొంతసేపు నల్లటి నీడొకటి
పక్క బల్బుల్ని కూడా కప్పేసింది.
ముందు చీకటే ఎక్కువైంది.
తర్వాత నీడ కదిలింది.
పదకొండోది వెలిగింది.
పదికీ పన్నెండుకీ మధ్య
ఏ తేడా లేకుండా కలిసిపోయింది,
నేను లెక్క తప్పాను,
మళ్ళీ ఎప్పుడూ దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

దిగొచ్చాక కాపలావాడు
జేబు మీద చూసి పేరు రాసుకున్నాడు.
సగం అక్షరం కదా, తప్పు రాసుకున్నాడు.
నాన్న దిద్దలేదు.

కారులో హీటరు పనిచెయ్యదు.
మాడిన బల్బు నా చేతిలో పెట్టాడు.
వెచ్చగా ఉంది. ఆ వేడి దానిది కాదు,
ఆయన గుప్పిటది.
చెవి దగ్గర ఊపాను.
లోపల తెగిన తీగ
గిలక్కాయలా, చాలా సన్నగా.
"ఎందుకు మాడింది?" అన్నాను.
"వెలిగి వెలిగి" అన్నాడు,
గేరు మార్చి,
ఏటి అవతలి చీకటి పక్కనుంచి
ఇంటికి పోనిచ్చాడు.