ఆది జాకెట్టు

లాలాపేటలో మా కొట్టు గోడకి ఆనించి
ముప్పయ్యేడు కొలతల పుస్తకాలు.
పదకొండోదానిలో, నూనె మరక పక్కన,
పేరంటాలు – ఛాతీ ముప్పయి, నడుం ఇరవై నాలుగు,
చేతులు పొట్టివి, బుట్ట పెట్టాలి.
మా నాన్న రాత అది.
కింద చిన్నగా: బాకీ నాలుగు రూపాయలు.

ఆ బుట్టచేతులతోనే ఆమె మహారాణి అయింది.
విజ్ఞాన మందిరంలో పరిషత్తు పోటీలు.
జరీ అంటే మిఠాయి డబ్బాల తగరం కాగితం.
నేను కాజాలు కుట్టే పిల్లాణ్ణి,
తెర పక్కన సూదీ దారంతో నిలబడ్డాను.
రెండో అంకానికి ముందు వీపు మీద హుక్కులు ఊడితే
ఊపిరి బిగబట్టి ఆమె, ఊపిరి బిగబట్టి నేను –
ఏడు కుట్లు.
ఆ రాత్రి షీల్డు ఆమెకొచ్చింది.

మిగతా కథ పుస్తకాలు చెబుతాయి,
నాటకం పద్యంలా సాగదీయకుండా.
పద్నాలుగోది: ముప్పై రెండు. పెళ్లి.
పదహారోది: వదులు చెయ్యాలి, ఏడో నెల.
పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా పేరే లేదు.
రంగు పూసుకునే కోడలు అత్తగారికి గిట్టలేదంట.
మిర్చి యార్డులో లెక్కలు రాసే భర్త
కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు –
ఏడుపు కాదు, ఘాటు.
ఆమే చెప్పింది తర్వాతెప్పుడో:
"నాకు గ్లిజరిన్ ఎందుకు సిలారూ,
ఆయన చొక్కా ఒకసారి దులిపితే చాలు."

ఇరవై మూడో పుస్తకంలో మళ్ళీ వచ్చింది.
తెల్లారేసరికి పల్నాడు బండి, హైదరాబాదు,
సంచిలో నాలుగు జాకెట్లు, టిఫిను డబ్బా.
టీవీలో పేరు పూర్ణిమ.
అక్షరాలు పరిగెడతాయి, మా ఆవిడ కూడబలుక్కునేలోపు
సబ్బు ప్రకటన వచ్చేస్తుంది.
మొదట పక్కింటావిడ. తర్వాత వంటావిడ.
ఆ తర్వాత పెద్దింటి అత్తగారు – మెడ చుట్టూ అద్దాల పని,
మాటకి మూడుసార్లు ముఖం మీదికి దూకే కెమెరా.
కొరిటెపాడు రైతుబజార్లో ఒకావిడ
కరివేపాకు కొసరు వెయ్యనంది:
"ఆ పిల్లని మెట్ల మీంచి తోశావు కదమ్మా, నీకెందుకేస్తా?"
నవ్వుకుంటూ వచ్చి చెప్పింది నాకు.
"షీల్డు కంటే పెద్దది సిలారూ ఇది" అంది.
అని, చాలాసేపు బల్ల మీది సుద్దముక్కతో ఆడుకుంది.

ఒక బుధవారం సీరియల్లో ఆమెని చంపేశారు.
రోజు కూలీ పెంచమని అడిగిందట.
తీర్థయాత్రకెళ్లిన కారు లోయలో పడింది –
కారు కూడా చూపించలేదు.
గోడకి ఫొటో, ఫొటోకి గంధపు దండ.

ఇప్పటికి రెండేళ్లు.
కోడలు దాని ముందు ఏడుస్తుంది,
విలన్ దాని ముందు నవ్వుతాడు,
కొత్త జంటలు దాని కాళ్లకి – లేని కాళ్లకి –
దణ్ణం పెడతారు.
ఫొటోకి కూలీ ఇవ్వరు.

నా బాధ వేరు.
ఆ ఫొటోలో ఆకుపచ్చ జాకెట్టు నేను కుట్టింది.
ఎడమ భుజం పావంగుళం ఎత్తు.
రంజాను నెల, నిద్ర లేని రాత్రి, కత్తెర జారింది.
రోజూ ఏడున్నరకి దేశమంతా ఏడుస్తుంటే
నేను భుజం చూస్తాను.
"తెచ్చివ్వండమ్మా, సరిచేస్తాను" అన్నాను ఫోన్లో.
"ఫొటోలో దాన్ని ఎట్లా విప్పుతావయ్యా" అంది.

మొన్న వచ్చింది. ఫ్యాన్ కింద కుర్చీ వేశాను.
ఆది జాకెట్టు ఏదమ్మా అంటే
సంచిలోంచి తీసింది – బుట్టచేతులది.
తగరం నల్లబడింది. వీపు మీద నా ఏడు కుట్లు,
పిల్లాడి కుట్లు, వంకరటింకర.
"ఇది పట్టదు కదమ్మా."
"పట్టదు. ఆది అడిగావు, తెచ్చాను.
కొలతలు మాత్రం ఇప్పటివి రాసుకో."

మెడలోంచి టేపు తీశాను.
ముప్పయ్యేడో పుస్తకం, కొత్త పేజీ.
ఏ పేరు రాయమంటారని అడగబోయి
పేరంటాలు అని రాశాను.
ఆమె నా వెనక నుంచి వంగి చూసి
కింద ఇంకో మాట రాయించింది:
ఎడమ భుజం పావంగుళం ఎత్తు ఉంచాలి.