దారం

ఆత్మకూరు దాటి, వెంకటాపురం దాటి
ఎర్రమట్టి బాట నల్లమలలోకి
తల వంచుకొని దూరే చోట
మాది నాలుగు రేకుల చప్పరం.
ఒక మేకుకు లాంతరు, పక్క మేకుకు టేకు శిలువ.
కింద ఆరు బానలు, రెండు తొట్లు,
సువార్తమ్మ నర్సు కర్నూల్లో తన జీతంతో కొని
అట్టపెట్టెలో పంపే గాజుగుడ్డ.

ఉగాదికి పది దినాల ముందు నుంచి వాళ్ళొస్తారు.
రాయచూరు, లింగసుగూరు, ఇంకా అవతల
మాకు పేరు తిరగని పల్లెలు.
నెత్తిన మూట, మెడలో లింగం,
కొందరు కర్రకాళ్ళ మీద, కొంగల మాదిరి.
శ్రీశైలం భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచంట.
పుట్టింటి చీర పట్టుకొని నడిచే జనం
ఎండను లెక్కపెట్టరు.

మాకవి శ్రమదినాలు.
గురువారం రాత్రి గుడిలో అయ్యగారు
పన్నెండు మంది కాళ్ళు కడుగుతాడు.
ఆ పన్నెండు మందీ ఇంటికాడ
సబ్బుతో రుద్దుకొనే వస్తారు.
మార్తమ్మత్త ఒకసారి నవ్వింది:
"ప్రభువు కడిగింది దుమ్ముకాళ్ళు కదరా, యోనా.
అయ్యగారితో చెప్పు, అవి ఈడున్నాయని."

మొదటేడు నాకు పద్నాలుగు.
"తాయీ, నీరు కొడి" అన్నాడొక తాత.
నీళ్ళతో కోడెందుకని నేను బిత్తరపోతే
అత్త చెంబు లాక్కొని పోసింది.
ఆ పొద్దే చెప్పింది,
మజ్జిగ ఉప్పుగా ఉండాల, నోరు చప్పగా ఉండాల.
కరపత్రాల కట్టతో వచ్చిన సంఘపెద్ద జక్కరయ్యకు
ఒక బాన అప్పజెప్పింది.
కట్ట, ఆ బాన కింద ఎత్తుకు పనికొచ్చింది.

అందరూ తాగరు.
శిలువ చూసి చెంబు దించి
ఎండలోకే పోయినోళ్ళున్నారు.
పోనీలే అంది అత్త.
వాళ్ళు పోయిన దిక్కున, శిలువ కనపడని మలుపులో
ఏపె చెట్టు కింద ఇంకో బాన పెట్టించింది.

బొబ్బను కోయకూడదు.
సూదిని దీపంలో కాల్చి, దారమెక్కించి
ఈ పక్క గుచ్చి ఆ పక్క తీసి
దారం లోపలే వదిలెయ్యాల.
రాత్రంతా నీరు
దారం పట్టుకొని బయటికొస్తుంది.
పొద్దునకు కాలు మళ్ళీ కాలైతుంది.
ఎన్ని దారాలు మా చప్పరం నుంచి
అడివిలోకి నడిచిపోయినాయో.

ఒక ఏడు బసలింగవ్వ వచ్చింది.
రెండు మడమలూ మాగిన దోసకాయల్లా పగిలి.
చీర మూట తల కింద పెట్టుకొని
శిలువ కిందనే పండుకొంది.
తెల్లారకముందే లేచి
ఎడమ అరచేతిలో లింగం పెట్టుకొని కూచుంది.
ఇటు పక్క అత్త, మోకాళ్ళ మీద.
నడుమ నేను, పాలు పొంగకుండా చూసే పనిలో.
ఎవరు ముందు ముగించినారో తెలీదు.
పాలు మాత్రం పొంగిపోయినాయి.

మరుసటేడు ఆమె రాలేదు.
మనవడొచ్చినాడు, కర్రకాళ్ళ మీద.
దిగకుండానే వంగి
డజను పచ్చగాజులు అత్త చేతిలో పెట్టినాడు.
అజ్జి ఇమ్మందంట.
అజ్జి ఎట్లుందని అడిగితే
కొండల దిక్కు చూసినాడు.
కన్నడం అంత రాదు మాకు. అర్థమైంది.

అత్త మొగుడు పోయి పందొమ్మిదేండ్లు.
గాజులు చేతికెక్కించలేదు, పెట్టెలో దాయలేదు,
లాంతరు మేకుకు తగిలించింది.
గాలొచ్చినప్పుడల్లా గలగలమంటాయి.
పక్క మేకు ఏమీ అనదు.

జక్కరయ్య గొణిగినాడు.
ఒంటి కన్ను మూసి సూదిలోకి దారమెక్కిస్తా
అత్త అంది:
"పెద్దాయనా, కర్నూలు పోతే
తెల్లదారం ఉండలు ఇంకో డజను తీస్కరా.
ఈసారి జనం ఎక్కువ."