డెబ్బయ్యో గుర్తు

సోహార్ పోర్టు ఎనుక గోదాం, రాత్రి డ్యూటీ.
ఫోర్క్‌లిఫ్టులు చార్జింగు మీద పన్నయి.
అల్యూమినియం కడ్డీల లెక్క రాసి, సంతకం పెట్టి
తెర పగిలిన లాప్‌టాప్ తెరిచిన.

తప్పు నాదే.
గంగనర్సు ఫోన్ల ఆ మెసేజ్ యాప్ ఎక్కించింది నేను.
పైస ఖర్చు లేదు, ఎవ్వరిదీ కాదు, అందరిదీ అని
గొప్పగ చెప్పింది గూడ నేనే.

ఇంటికాడ లస్మవ్వది బటన్ల ఫోను.
నెల మాటలన్నీ ఒక్క మెసేజ్‌ల కూరి పంపిండు:
పైసలేసిన, పొల్లగాని ఫీజు ముందు,
షావుకారి మిత్తి ఇప్పుడే కట్టొద్దు.

డెబ్బయ్యో గుర్తు కాడ యాప్ కత్తెరేసింది.
మొదటి ముక్క "ఇప్పుడే కట్ట" కాడ ఆగింది.
చివరి కొమ్ము తొవ్వల రాలిందనుకొని
లస్మవ్వ తనే తగిలించి చదువుకున్నది.
కట్టు.
పైసలు చాలక, కొమ్ములున్న బర్రెను అంగడికి తోలింది.

రెండో ముక్క తెల్లారినంక చేరింది.
చుక్కల సున్న ఒకటి, దాని మీద ఒత్వం, పక్కన ద్దు.
హల్లు దొరకని గుణింతాన్ని
ఫోను అట్ల చుక్కల మీద కూసోబెడ్తదట.
చేతిల పతాక లేనోన్ని
ఇక్కడ ఖల్లివెల్లి అంటరు, అసొంటిదే అది.

నాలుగు రాత్రులు ఫైలెంబడి ఫైలు ఎతికిన.
రాసినోళ్ళు చెడ్డోళ్ళు గారు.
వాళ్ళ రాతల ఏ అక్షరానికా అక్షరం
కుర్చీ ఏసుకొని ఎడంగ కూసుంటది.
ఒకని కింద ఒకడు ఒత్తయి బతుకుడు
వాళ్ళకెట్ల ఎరుక?
మా రూముల తొమ్మిది మందిమి,
మంచం కింద మంచం.

ఎర్రగ తీసేసిన వరుసలు నాలుగు,
పచ్చగ పెట్టినయి ఏడు.
కోసే ముందు ఒక్కసారి ఎనుకకు చూడు,
అక్షరం నిండలేదా, ఒకడుగు జరిగి కొయ్యి.
చెప్పింది గంతే.
పంపినంక చేతులు చల్లబడ్డయి.

పతాక నంబరడుగలే.
కఫీల్ ఎవరని అడుగలే.
మూడో రాత్రి జవాబొచ్చింది:
ఖాళీలు వరుసల లెవ్వు. పరీక్ష ఏది?
ఎందుకు మార్చినవో రాయి.

ఎందుకు.
ఆరేండ్లల్ల ఆ మాట నన్నెవరన్న అడిగిండ్రంటే
జీతం కోసినంక అడిగిండ్రు.
ఈ అయెన్ అనేటాయన, ఆయననో ఆమెనో,
అడిగి ఆగింది.

వచ్చిన ఇంగ్లీషుల రాసిన,
నాలుగుసార్లు చెరిపి.
పరీక్షకు వేరే వాక్యం తోచలే,
గంగనర్సు మాటనే పెట్టిన, లస్మవ్వ పేరు సుద్ద.
దీనర్థమేంది అని మళ్ళ అడిగిండ్రు.
మిత్తి ఇప్పుడే కట్టొద్దు అని, ఒకాయన భార్యకు చెప్తుండు.
మా అమ్మ గూడ గిదే అంటది అని
ఏ దేశం నుంచో జవాబు.
రాత్రి మూడు నలభైకి కలుపుకున్నరు.
గోదాం గేటు కాడ లారీ హారన్ కొడ్తున్నది,
పోయి తాళం తీసిన.

ఇగ ఎవ్వలు ఏ మూల ఏ వరుస మార్చినా
మిషను ముందుగాల ఆ మాటను కోసి చూస్తది.
కట్టొద్దు కట్టొద్దు తీర్గనే మిగిలితే
అప్పుడు ముందటికి.
రోజుకెన్నిసార్లో లస్మవ్వకు
ఆ మాట ముక్క గాకుండ ముడుతది.

గంగనర్సుకు చెప్పిన. నవ్విండు.
ఫోను నా చేతుల పెట్టిండు.
కొత్తది పట్టలే, పాత ఫోను, జాగ లేదన్నది.
ఏం గాదు తియ్యి అన్నడు.

లైటు బందైనంక పై మంచం మీద
ఏలి కణుపుల మీద గుర్తులు లెక్కవెడ్తడు,
అరవై దాటనియ్యడు.
బర్రె మాట ఎత్తడు.
వద్దు అనేది ఉంటే
మొట్టమొదలే రాస్తడు.