మూట లేని పడవ

డ్రాయింగు సారు ఫ్రేముకిచ్చి పోయి
రెండు బతుకమ్మలు దాటినయి.
హనుమకొండ చౌరస్తాల మా దుకాణంల
దేవుళ్లకూ పెండ్లి ఫోటోలకూ నడుమ
పరాయి దేశపు ఏరొకటి
గోడకు వీపు ఆనించి నిలబడ్డది.

దగ్గరి నుంచి చూస్తే ఏమీ లేదు.
కుంచె దులిపిన మరకలు.
పసుపు పక్కన నీలం, నీలంల ఇటుకపొడి.
కొలత రాసుకొని నాలుగడుగులు వెనక్కి జరిగిన్నో లేదో
పడవ కదిలింది.
చేతిల రంపం ఆగింది.

మా అమ్మ రాజవ్వ
అన్నం గిన్నె తెచ్చి, కండ్లద్దాలు ఎత్తి దించి చూసింది.
మంగపేట రేవుల పడవ నడిపినోని పెండ్లాం.
పడవంటే ఆమెకు
మిరప బస్తాలు, కాళ్లు కట్టిన దూడ,
నొప్పులు పడుతున్న ఆడిబిడ్డ,
పొద్దెక్కక ముందే అవతలి ఒడ్డు.

"మూటేదిరా?
ఒక్కరి దగ్గరన్న సంచి లేదు.
వాన లేకుంట ఆ పిల్ల గొడుగు పట్టింది.
తెడ్డేసేటోడు ఒడ్డు దిక్కే చూస్తలేడు.
యాడికి పోతున్నరు వీళ్లు?"

యాడికీ కాదమ్మా, ఊకెనే.

ఊకెనే అన్న మాటను
ఆకువక్క లెక్క
చానాసేపు నమిలింది.

ఆ ఆయితారం లక్నవరం తోలుకపోయిన.
లైఫ్ జాకెట్ మీంచి కొంగు కప్పుకున్నది.
బోటు పిల్లగాడు దీవి పక్కన ఇంజను బందు పెట్టి
ఫోను చూసుకుంట కూసున్నడు.
తిన్న గిన్నె ఒళ్లె పెట్టుకొని
రెండు చేతుల పట్టుకున్నది, కింద పెట్టదు.
ఎండ తునకలు తునకలైతున్నది.
చీర ఎరుపు నీళ్లల్ల జారి
మళ్ల చీర మీదికి ఎక్కుతున్నది.
కట్ట మీంచి ఎవలన్న చూస్తే
మేమిద్దరం రెండు మరకలం.

"మీ నాయిన ఉంటే
ఈ పిల్లగాన్ని తిట్టేటోడు.
నడిమిట్ల పడవ నిలవెడితే..."
అని, అక్కడనే విడిచింది.
ఒక్క వేలు నీళ్లల్ల పెట్టింది.
గీత పడ్డది, పూడింది.
మళ్ల పెట్టింది.

సోమవారం ఫ్రేము బిగించిన.
అద్దం పెట్టంగనే ట్యూబులైటు ఏట్ల మునిగింది,
ములుగు బస్సు పడవ మీంచి పోయింది.
"అది తియ్యి," అన్నది అమ్మ, గిన్నె మూత తీసుకుంట.
తీసిన.

బిల్లు మీద సారు పేరు కింద
అద్దం లేదు అని రాసి
బాకీ అట్లనే ఉంచిన.