పూటకూళ్ళ బోర్డు

ఏలూరు కాలవ వైపు తిరిగిన బోర్డుని దించి
మస్తాన్ గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.
కొత్త పేరు నిలవాలంటే
పాతవన్నీ రాలాలట.

ముందు నీలం రాలింది.
లాడ్జి. డబుల్ రూము పన్నెండు రూపాయలు.
సెకండ్ షో చూసి ఆఖరి బస్సు తప్పినవాళ్ళు,
గాంధీనగరంలో సినిమా పెట్టెల కోసం
మూడేసి రోజులు పడిగాపులు పడ్డవాళ్ళు.

దాని కింద ఎరుపు. కాఫీ క్లబ్బు.
అడుగున సన్నటి అక్షరాల్లో
ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరు కూర్చోకూడదో.
ఆ వరస మీద మస్తాన్
కాస్త గట్టిగానే రుద్దాడు.

ఆ కింద మసి, సున్నం. అక్షరం లేదు.
పేరిందేవమ్మ పూటకూళ్ళకి బోర్డెందుకు?
లాకుల దగ్గర పడవ ఆగితే
పులుసు పోపే దారి చూపేది.
"ముందు తిను నాయనా, లెక్క తర్వాత" అనేదట.
మా మేనత్త చెప్పింది,
ఆవిడ ఏదైనా పెంచే చెబుతుంది.

చివరికి చెక్క తేలింది.
అంచు వెంట మేకుల బెజ్జాలు,
బెజ్జాల్లో కొబ్బరి పీచు, గుగ్గిలం.
"ఇది పడవ పలక సార్."

ఏ సరంగో ముసురు పట్టిన వారంలో
పదకొండు పూటలు తిని, చేతిలో కానీ లేక
ఊడదీసి ఇచ్చి ఉంటాడు.
పలక లేని పడవ
బందరు దాకా ఎలా వెళ్ళిందో!

"బెజ్జాలు లప్పంతో పూడ్చేయనా?"
వద్దన్నాను.
తాకట్టు సొమ్ము కదా.